బస్సు పార్సిలా, కొరియరా, ఐస్ పెట్టెనా: ఇంటి వంటలు దూరానికి పంపేవారు ఏది ఎంచుకోవాలి

కిలోకు ఎంత, ఎన్ని రోజుల్లో చేరుతుంది, ఇంటికి తెచ్చిస్తారా అని అడిగి చాలామంది పార్సిల్ ఇచ్చేస్తారు. తినే వస్తువుకు అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మే నెల ఎండలో, మూసిన అట్టపెట్టెలో, ఇది ఎన్ని గంటలు బాగుంటుంది? ఆ గంటలు తెలిస్తే ఎంపిక సగం దానంతట అదే అయిపోతుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన సర్వీసూ సరుకును కాపాడదు.

గంటలు తెలుసుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మీరు అమ్మే ప్యాకింగ్‌లోనే ఐదారు ప్యాకెట్లు అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి, రేకుల షెడ్డులోనో డాబా మెట్ల గదిలోనో ఉంచండి. 24, 48, 72, 120, 192 గంటలకు ఒక్కొక్కటి విప్పి చూడండి. బాగున్న చివరి గంటల్లో సగమే ప్రయాణానికి లెక్క. మిగతా సగం కొన్నవాళ్లు తినడానికి. 72 గంటలు నిలిచిన స్వీటుకు 36 గంటలకు మించిన దారి పనికిరాదన్నమాట. మాంసం, పాలు ఉన్నవాటికి మాత్రం ఈ పరీక్ష చాలదు. వాటిలో వాసన రాకముందే ప్రమాదం మొదలవుతుంది.

ముందు సరుకును విడదీయండి

జంతికలు, అరిసెలు, సున్నుండలు, కారప్పొడులు, పూతరేకులు ఒక జట్టు. వీటికి ఎండకన్నా తేమతో, దెబ్బతో భయం. జంతికలు వేడి పూర్తిగా చల్లారకముందే కవరులో వేస్తే లోపల ఆవిరి చెమర్చి రెండో రోజుకే మెత్తబడతాయి. అరిసెలైతే అదే తేమకు బూజు పడతాయి. పూతరేకుల సంగతి ఇంకా సున్నితం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు దేశమంతా తిరుగుతున్నాయంటే అది గట్టి పెట్టె పుణ్యం. ఒక్కో చుట్టకు బటర్ పేపర్, వరసకూ వరసకూ మధ్య అట్ట, పెట్టెలో కదలడానికి చోటు లేకుండా సర్దడం, అంతే. ఫ్రిజ్‌లో పెట్టి పంపకండి. బయటికి తీయగానే చెమ్మ పట్టి బియ్యపు రేకు ముడుచుకుపోతుంది.

ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి రెండో జట్టు. ఉప్పు, పులుపు, నూనె సరిగ్గా పడితే ఇవి వారమైనా ప్రయాణం చేస్తాయి. వీటికి ఉన్న ఒకే శత్రువు నూనె కారడం.

మూడోది తడి సరుకు: బొబ్బట్లు, పాలకోవా, పచ్చికొబ్బరి పడిన స్వీట్లు, ముక్కలో తడి మిగిలిన చికెన్, రొయ్యల పచ్చళ్లు. బొబ్బట్టు విరిచినప్పుడు పూర్ణం తీగ సాగితే దాని పని అయిపోయినట్టే, ఎండాకాలంలో అది రెండో రోజే జరగొచ్చు. నాలుగోది చల్లదనం తప్పనిసరైనవి: పచ్చి చేప, రొయ్యలు, పనీరు, దోసె పిండి. ఇవి 5 డిగ్రీలలోపు ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్యే సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. దోసె పిండి అయితే దారిలోనే పులిసి, గ్యాసు పుట్టి, ప్యాకెట్ ఉబ్బి సీలు దగ్గర చీలుతుంది.

ఇక్కడ వాక్యూమ్ ప్యాకింగ్ గురించి గట్టిగా చెప్పాలి. గాలి తీసేస్తే నిల్వ ఉంటుందనే నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది. వాక్యూమ్ బూజును, నూనె ముక్కిపోవడాన్ని ఆపుతుంది. గాలి లేని చోటే పెరిగే క్లాస్ట్రీడియం బొటులినం లాంటి బ్యాక్టీరియాకు మాత్రం దారి తెరుస్తుంది. దాని విషానికి రంగు, రుచి, వాసన ఉండకపోవచ్చు. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా తక్కువ ఉంటే ఆ బ్యాక్టీరియా పెరగదు. అందుకే నిమ్మరసం, చింతపండు సరిగ్గా పడిన పచ్చడికి ఆ భయం తక్కువ. చికెన్ కర్రీ, కీమా, గుజ్జుగా ఉన్న రొయ్యల వేపుడు వాక్యూమ్ చేసి, ఐస్ లేకుండా మూడు రోజుల కొరియర్‌లో వేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. నాన్‌వెజ్ పచ్చడి అమ్మేవాళ్లు ఒక్కసారైనా ల్యాబ్‌లో పీహెచ్, వాటర్ యాక్టివిటీ (సూక్ష్మజీవులకు అందే తడి ఎంతుందో చెప్పే కొలత) పరీక్ష చేయించుకోవాలి. ముక్క గట్టిగా వేగి, వాటర్ యాక్టివిటీ 0.85 కన్నా తగ్గితే అది రెండో జట్టులోకి వస్తుంది. అప్పుడు పంపే ఖర్చూ సగానికి పడుతుంది. ఐస్ కొనే ముందు వంటనే మార్చగలమేమో చూడటం లాభం.

రాత్రి బస్సు: తడి సరుకుకు మొదటి ఎంపిక

ఏపీఎస్‌ఆర్టీసీ, టీజీఎస్‌ఆర్టీసీ పార్సిల్ కౌంటర్లు గానీ, ప్రైవేట్ ట్రావెల్స్ పార్సిల్ గానీ, వీటి బలం ఒక్కటే: మధ్యలో గోడౌన్ తక్కువ. రాజమండ్రిలో రాత్రి 8కి ఎక్కిన పెట్టె తెల్లవారేసరికి హైదరాబాద్‌లో దిగుతుంది. ఎండ తగలదు, పార్సిళ్లు వేరుచేసే హబ్‌లో పడి ఉండదు, ఏ బస్సులో ఉందో మీకు తెలుస్తుంది. బొబ్బట్లు, కోవా, ఐస్ పెట్టిన పనీరు లాంటివాటికి మన రెండు రాష్ట్రాల మధ్య, బెంగళూరు, చెన్నై వరకూ ఇంతకన్నా చవకైన, భద్రమైన దారి లేదనే చెప్పాలి.

లోపాలు కూడా తెలిసే ఎంచుకోవాలి. ఇంటికి తెచ్చిచ్చే సౌకర్యం అన్నిచోట్లా ఉండదు, కొన్నవాళ్లే కౌంటర్‌కు వెళ్లాలి. వాళ్లు సాయంత్రం తీరిక చేసుకుని వెళ్తే మీరు రాత్రంతా కాపాడిన సరుకు పగలంతా షెడ్డులో ఉడుకుతుంది. కాబట్టి ఆర్డర్ తీసుకునేటప్పుడే ‘ఉదయం 9 లోపు తీసుకోగలరా’ అని అడగాలి. కుదరదంటే బైక్ పార్సిల్ మాట్లాడి ఆ డబ్బు ముందే బిల్లులో కలపాలి. రెండోది డిక్కీ. ఏసీ బస్సైనా డిక్కీలో ఏసీ ఉండదు. వెనక ఇంజన్ ఉండే బస్సుల్లో చివరి డిక్కీ సెగ కొడుతుంది. ‘ముందు డిక్కీలో, పైన పెట్టండి’ అని లోడ్ చేసేవారికి చెప్పి, వీలైతే దగ్గరుండి పెట్టించండి. రసీదుతో పాటు బస్సు నంబరు, డ్రైవరు లేదా అటెండరు ఫోన్ నంబరు రాసుకుని కొన్నవాళ్లకు పంపాలి.

బస్సు మారాల్సి వచ్చే ఊళ్లకు ఈ సలహా వర్తించదు. ఒకచోట దింపి ఇంకో బస్సులో ఎక్కించాలంటే ఆ మధ్య గంటలు ఎవరి చేతిలోనూ ఉండవు.

కొరియర్, స్పీడ్ పోస్ట్: పొడి సరుకుకు, పచ్చళ్లకు

సాయంత్రం 5కి మీ దగ్గర తీసుకున్న పెట్టె మొదట ఊళ్లో బ్రాంచికి, రాత్రికి హబ్‌కు, అక్కడ పిన్‌కోడ్ వారీగా వేరుపడి ఇంకో హబ్‌కు, చివరికి డెలివరీ బాయ్ సంచిలోకి వెళ్తుంది. ప్రతి మజిలీలోనూ దాన్ని ఎవరో ఒకరు విసురుతారు, దాని మీద ఇంకో పెట్టె పడుతుంది. చెప్పిన మూడు రోజులు నాలుగు కావడం మామూలే. అందుకే కొరియర్‌లో వేసేది కనీసం 8 రోజులు నిలిచే సరుకై ఉండాలి. సోమ, మంగళ, బుధవారాల్లో పంపండి. శుక్రవారం ఇచ్చిన పెట్టె ఆదివారం ఎక్కడో గోడౌన్‌లో గడుపుతుంది. సంక్రాంతి, దసరా ముందు వారం హబ్‌లు నిండిపోతాయి కాబట్టి పండగ ఆర్డర్లకు చివరి తేదీని పది రోజులు ముందుకు జరిపి ప్రకటించాలి.

స్పీడ్ పోస్ట్ మేలు పల్లెల్లో కనిపిస్తుంది. ప్రైవేట్ కొరియర్ ‘సర్వీసు లేదు’ అనే పిన్‌కోడ్‌కు పోస్ట్‌మ్యాన్ వెళ్తాడు. పట్నం నుంచి పట్నానికి మాత్రం మీ ఊరి బ్రాంచిలో సాయంత్రం బండి ఎన్నింటికి బయల్దేరుతుందో కనుక్కుని, దాన్ని బట్టే ఎంచుకోండి. కంపెనీ పేరుకన్నా మీ ఊరి బ్రాంచి పనితీరే ఎక్కువ తేడా చూపిస్తుంది. ఒకే రోజు, ఒకే ఊరికి రెండు సర్వీసుల్లో ఒక్కో పెట్టె పంపి చూస్తే తేలిపోతుంది.

రేటు దగ్గర చాలామంది మోసపోయేది బరువు లెక్కలో. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కంపెనీలు 5000తో భాగిస్తాయి. వచ్చిన అంకె (లెక్క బరువు), అసలు బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ. 30×25×20 పెట్టెలో కిలో జంతికలు పంపితే లెక్క బరువు 3 కిలోలు. 20×15×12 పెట్టెలో 2 కిలోల ఆవకాయ లెక్క బరువు ముప్పావు కిలోకి కొంచెం తక్కువ, అందుకని ప్యాకింగ్ కలిపిన అసలు బరువు 2.2 కిలోలను బట్టే కడతారు. అంటే జంతికలు చోటుకు డబ్బు కడుతున్నాయి, పచ్చడి బరువుకు కడుతోంది. రెండూ ఒకే 30×25×20 పెట్టెలో వేస్తే అసలు బరువు 3.3 కిలోలు, పై అరకిలోకి సవరించే శ్లాబు ప్రకారం 3.5కే ఛార్జీ. విడివిడిగా అయితే 3, 2.5 కలిపి 5.5 కిలోలు. పచ్చడితో పాటు జంతికలు కలిపి ‘కాంబో’గా అమ్మేవాళ్లకు లాభం ఇక్కడే వస్తుంది. సర్దేటప్పుడు పచ్చడి అడుగున, మధ్యలో అట్ట పలక, పైన జంతికలు.

ఐస్ పెట్టె: లెక్క వేశాకే దిగండి

థర్మాకోల్ పెట్టెలో రెండు జెల్ ప్యాకులు వేసి ‘కోల్డ్ షిప్పింగ్’ అనేవాళ్లున్నారు. లెక్క చూద్దాం. లోపల 25×20×20 సెంటీమీటర్లు, గోడ మందం 25 మిల్లీమీటర్లు ఉన్న థర్మాకోల్ పెట్టె. బయట 35 డిగ్రీలు, లోపల 3 డిగ్రీలు ఉండాలనుకుంటే, గోడల గుండా దాదాపు 15 వాట్ల వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. ఒక కిలో ఐస్ కరగడానికి 334 కిలోజూళ్ల వేడి కావాలి. అంటే 24 గంటలకు దాదాపు 4 కిలోల ఐస్. 200 గ్రాముల జెల్ ప్యాకులు రెండు వేస్తే అవి కాసేది రెండున్నర గంటలు. ఆ తర్వాత పెట్టెలో ఉన్నది చల్లదనం కాదు, తడి.

అదే పెట్టె గోడలు 50 మిల్లీమీటర్లైతే ఐస్ 2.4 కిలోలకు తగ్గుతుంది. కానీ పెట్టె బయటి కొలత 35×30×30 అవుతుంది, లెక్క బరువు 6.3 కిలోలు. పలచ గోడల పెట్టెలో 2 కిలోల సరుకు, 4 కిలోల ఐస్, పెట్టె బరువు కలిపి అదీ 6.3 కిలోలకే వస్తుంది. ఛార్జీ ఒక్కటే అయినప్పుడు మందం గోడలదే మేలు. లోపల చోటు మిగులుతుంది, బస్సు ఆలస్యమైతే ఇంకో కిలో ఐస్ వేసుకోవచ్చు. ఏదైనా సరే, 2 కిలోల సరుకుకు 6 కిలోల పైచిలుకు ఛార్జీ తప్పడం లేదు. అందుకే చిన్న వ్యాపారి చల్లటి సరుకును ఒక రాత్రికి మించిన దారిలో పంపకపోవడమే మంచిది. చెన్నైకి రొయ్యలు పంపొచ్చు, రాత్రి బస్సులో, ఐస్‌తో. ఢిల్లీ ఆర్డరుకు ‘పంపలేం’ అనండి. విశాఖ, విజయవాడ విమానాశ్రయాల నుంచి ఎయిర్ కార్గోలో వెళ్లే రొయ్యలు ఏజెంట్ల ద్వారా పెద్ద మోతాదులో వెళ్తాయి, ఒక పెట్టెకు ఆ ఖర్చు గిట్టదు.

పంపక తప్పనప్పుడు ఇలా చేయండి. సరుకును ముందురోజే ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. వెచ్చని సరుకు పెడితే దాన్ని చల్లబరచడానికే సగం ఐస్ పోతుంది. జెల్ ప్యాకులు ఖరీదనిపిస్తే అరలీటరు నీళ్ల సీసాల్లో 450 మిల్లీలీటర్లు పోసి 24 గంటలు గడ్డ కట్టించండి. నిండా పోస్తే ఐస్ వ్యాకోచించి సీసా పగులుతుంది. అడుగున, నాలుగు పక్కలా, పైనా ఐస్ ఉండాలి. తక్కువే ఉంటే పైనే పెట్టండి, చల్లగాలి కిందికి దిగుతుంది. ఖాళీలు నలిపిన పేపరుతో నింపండి. మూత అంచు మొత్తం టేపు చుట్టండి, అక్కడే చల్లదనం కారిపోతుంది. డ్రై ఐస్ జోలికి వెళ్లొద్దు. అది మైనస్ 78 డిగ్రీల్లో గ్యాసుగా మారుతుంది. బిగుతుగా మూసిన పెట్టె పేలుతుంది, విమానంలో దాన్ని ప్రమాదకర సరుకు కింద ప్రకటించాలి.

కరిగిందో లేదో పట్టుకోవడానికి ఒక తేలికైన ఉపాయం: చిన్న కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి, మూత వేసి, నిలువుగా నిలిచేలా మొదటి రెండు మూడు పార్సిళ్లలో పెట్టండి. తీసుకున్నవాళ్లు తెరిచి ఫొటో పంపితే చాలు. బిళ్ల పైనే ఉంటే దారిలో ఐస్ నిలిచింది. అడుగుకు చేరితే కరిగింది.

నూనె కారకుండా

పచ్చడి పార్సిళ్లలో ఫిర్యాదు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: పౌచ్ మూతి దగ్గర నూనె అంటడం. నూనె పూసిన చోట వేడి సీలు అతకదు, అతికినట్టు కనిపిస్తుంది. పచ్చడి నింపేటప్పుడు మూతి బయటికి మడిచి వెడల్పు గొట్టం పెట్టండి, తర్వాత పొడి గుడ్డతో తుడిచి, 8 నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పు సీలు, దాని పైన అర అంగుళం వదిలి ఇంకో సీలు వేయండి. లోపల గాలి నొక్కి తీసేయాలి. విమానంలో గాలి పీడనం తగ్గి, లోపల మిగిలిన గాలి దాదాపు మూడో వంతు ఉబ్బి, బలహీనమైన సీలును తెరుస్తుంది. సీలు పరీక్షకు పౌచ్‌ను పేపరు మీద తలకిందులుగా పెట్టి, పైన 5 కిలోల బియ్యం సంచి ఉంచి రాత్రంతా వదిలేయండి. పొద్దున పేపరు మీద నూనె మరక ఉంటే మెషీన్ వేడో, నొక్కే సమయమో సరిచేయాలి.

పౌచ్ మీద రెండో కవరు, దాని మీద గట్టి అట్టపెట్టె వేయండి. 2 కిలోల వరకు మూడు పొరల అట్ట చాలు, అంతకు మించితే ఐదు పొరలు. ‘ఇటు పైకి’ బాణాలు వేయండి, కానీ ఎవరూ పాటించరని లెక్కపెట్టే ప్యాక్ చేయండి. గాజు సీసా అందంగా ఉంటుంది, బరువూ పగిలే భయమూ తెస్తుంది. సీసాయే కావాలంటే మూత కింద అల్యూమినియం సీలు పడే ప్లాస్టిక్ జాడీ తీసుకోండి. అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు రాసిన చీటీ పెట్టె లోపల కూడా వేయాలి. పైన అంటించినది నూనెకు, వానకు ఊడిపోతుంది.

మామిడి వేరే కథ. పక్వానికి వచ్చి, ఇంకా పండని కాయను గడ్డి లేదా చీరిన పేపరు మధ్య, గాలి రంధ్రాలున్న పెట్టెలో పంపాలి. ఐస్ పెట్టకూడదు. 12 డిగ్రీల కన్నా చలి తగిలితే తోలు నల్లబడి లోపల సరిగా పండదు. కార్బైడ్ వేసి పండించడం నిషిద్ధం. పది పదిహేను పెట్టెలు ఒకే ఊరికైతే రైల్వే పార్సిల్ చవక. కాకపోతే రెండు నిమిషాలు ఆగే స్టేషన్‌లో బుక్ చేస్తే పెట్టెలు ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోవచ్చు. రైలు బయల్దేరే స్టేషన్ నుంచో ఎక్కువసేపు ఆగే జంక్షన్ నుంచో వేయండి.

డబ్బు లెక్క, పరిహారం, కాగితాలు

చాలా కొరియర్ కంపెనీల షరతుల్లో పాడయ్యే సరుకుకు పరిహారం లేదు. ఆ నష్టం మీదే అని ముందే ఒప్పుకుని ధరలో కలపాలి. ఉదాహరణకు ఒక పార్సిల్‌లో సరుకు తయారీ ఖర్చు 350, పంపే ఖర్చు 120 అనుకోండి. 20 పార్సిళ్లకు ఒకటి పాడై మళ్లీ పంపాల్సి వస్తే 470 రూపాయల నష్టం, అంటే ప్రతి పార్సిల్ మీద 23 రూపాయల 50 పైసలు. 20 రూపాయలు ఎక్కువైనా పాడవకుండా చేర్చే సర్వీసు నిజానికి చవకదే. క్యాష్ ఆన్ డెలివరీ తినే సరుకుకు పెట్టకండి. తలుపు తీయకపోతే పెట్టె పది రోజులు తిరిగి మీ దగ్గరికే వస్తుంది, రానుపోను ఛార్జీ మీ మీదే, లోపలున్నది పారేయాల్సిందే.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల నంబరు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, పదార్థాల జాబితా, నికర బరువు, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం లేబుల్ మీద ఉండాలి. బ్యాచ్ నంబరు ఎలాగూ వేయాలి కదా అని ఏదో ఒకటి వేయకండి. ఒక ఫిర్యాదు వస్తే అదే వంటలో పోయిన మిగతా ప్యాకెట్లను ఆపడానికి ఉన్న దారి ఆ నంబరొక్కటే.

విదేశాలకు పంపేటప్పుడు వేడికన్నా కస్టమ్స్ పెద్ద గండం. చికెన్, మటన్ పచ్చళ్లు అమెరికాకు వేయకండి, అక్కడ తీసి పారేస్తారు. శాకాహార సరుకు వ్యాపారంగా పంపాలంటే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు సమాచారం ఇవ్వాలి. 800 డాలర్లలోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. కాబట్టి సుంకం ఎవరు కడతారో ఆర్డర్ దగ్గరే రాసుకోండి. గసగసాలు పడిన మసాలా పొడి దుబాయ్‌కి అసలే పంపకండి. అక్కడ గసగసాలు మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, కేసు పడేది పార్సిల్ అందుకున్న మనిషి మీద.